కలుపు యంత్రము ఎదురు తన్నిన – నిప్పురవ్వ వేళను పరీక్షించు విధము

చెరకు నాటిన తరువాత మొదటి నాలుగు మాసములు కలుపు విషయమున మిక్కిలి కీలకమైనవి. మొక్క పిలకలు తొడుగు ఈ కాలములో కలుపును ఉపేక్షించిన రైతు తరువాత ఎంత ఎరువు వేసినను ఆ లోటు పూర్తిగా తీరదు. అనకాపల్లి ప్రాంతమున జనవరి మొదలు మార్చి వరకు నాటిన తోటలలో వేసవి జల్లు ఒకటి పడినంతనే తుంగయు, గరికయు సాళ్ల నడుమ చాప పరచినట్లు లేచును. సాళ్ల మధ్య ఎడము పెంచి నాటు రైతులు నేడు ఈ పనికి తాడు లాగి నడుపు చిన్న పెట్రోలు కలుపు యంత్రములను (పవర్ వీడరు) వాడుచున్నారు. ఆ యంత్రము అదను తప్పి మూలబడిన యెడల నష్టము ఇంజనుకు కాదు, పంటకు.

ఇటీవల ఒక తోటలో జరిగిన సంగతి చెప్పెదను. రైతు యంత్రము నడుపుచుండగా కత్తులు మట్టిలో పూడియున్న మొద్దుకు తగిలి ఇంజను ఒక్కసారిగా ఆగిపోయెను. తిరిగి తాడు లాగగా ఇంజను అంటుకొనుటకు బదులు తాడును వెనుకకు గుంజెను. మూడవ మారు లాగునప్పటికి ఆయన మణికట్టు బెణికెను. షెడ్డులో మొదట ప్లగ్గు మార్చిరి. పిమ్మట కార్బురేటరు కడిగిరి. ఆ తరువాత కార్బురేటరునే మార్చిరి. ఇట్లు తొమ్మిది దినములు గడచెను. తుదకు ఫ్లైవీలు విప్పి చూడగా దానిని షాఫ్టుపై సరియైన చోట నిలుపు చిన్న కీ ఒక మిల్లీమీటరు మేర తెగి ప్రక్కకు జరిగియుండెను. కొత్త కీ వేసిన పిమ్మట యంత్రము రెండవ లాగుకే అంటుకొనెను. ఆ కీ చిటికెన వ్రేలి గోరంత వస్తువు. దాని వెల ఎంత, తొమ్మిది దినముల కలుపునకు కూలి ఎంత అను లెక్క రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కావున దెబ్బ తిన్న పిమ్మట ఎదురు తన్ను ఇంజనులో కార్బురేటరును ముట్టకముందు నిప్పురవ్వ పడు వేళను పరీక్షింపవలెను. షెడ్డువారు దీనినే ‘టైమింగు’ అందురు. ఈ పరీక్షలో ఎక్కువ భాగము రైతు ఇంటివద్దనే చేసికొనవచ్చును.

రవ్వ వేళ అనగా నేమి?

పెట్రోలు ఇంజనులో పిస్టను పైకి వచ్చుచు గాలి, పెట్రోలుల మిశ్రమమును నొక్కును. ఆ నొక్కుడు ముగియుటకు కొంచెము ముందుగా ప్లగ్గు కొనలో నిప్పురవ్వ పడవలెను. మిశ్రమము ఒక్కసారిగా మండదు. మంట వ్యాపించుటకు కొంత వ్యవధి పట్టును. పిస్టను పైకొన దాటి క్రిందికి తిరిగిన వెంటనే మంట బలము దానిపై పూర్తిగా పడవలెనన్న, రవ్వ ముందుగానే పడవలెను.

ఒక రోటిలో ఇద్దరు స్త్రీలు మార్చి మార్చి దంచుట మీరు చూచియుందురు. ఒకరి రోకలి లేచు వేళకు రెండవవారి రోకలి దిగవలెను. తాళము తప్పిన యెడల రోకళ్లు ఢీకొని చేతులు అదరును. ఇంజనులో పిస్టనుకు, మంటకు గల సంబంధము ఇట్టిదే. రవ్వ చాల ముందుగా పడిన యెడల పైకి వచ్చుచున్న పిస్టనుకు మంట ఎదురై దానిని వెనుకకు నెట్టును. తాడు చేతిని గుంజుటకు కారణము ఇదియే. రవ్వ ఆలస్యముగా పడిన యెడల పిస్టను దిగిపోవుచుండగా మంట దాని వెంట పరుగెత్తును. బలము సగము వృథాయగును.

వేళను షాఫ్టు తిరుగు డిగ్రీలలో చెప్పుదురు. ఒక పూర్తి చుట్టు 360 డిగ్రీలు. కలుపు యంత్రములపై వచ్చు చిన్న నాలుగు స్ట్రోకుల ఇంజనులలో పిస్టను పైకొనకు సుమారు 20 మొదలు 25 డిగ్రీల ముందు రవ్వ పడునట్లు అమర్చుట పరిపాటి. మీ ఇంజనుకు ఎంతయో దాని పుస్తకములో చూచుకొనవలెను. నిమిషమునకు 3600 చుట్లు తిరుగు ఇంజను సెకనుకు 60 చుట్లు తిరుగును. ఆ వేగములో 25 డిగ్రీలు తిరుగుటకు పట్టు కాలము సెకనులో వేయవ వంతు కంటె కొంచెము ఎక్కువ మాత్రమే. అంత స్వల్ప వ్యవధిలో జరుగు పని గనుక కొద్ది డిగ్రీల తేడాయు పెద్ద దోషమగును.

రవ్వ ఎట్లు పుట్టును?

ఈ చిన్న ఇంజనులలో రవ్వకు బ్యాటరీ అక్కరలేదు. ఫ్లైవీలు అంచున అయస్కాంతములు బిగించియుండును. ప్రక్కన కదలకుండ ఒక కాయిలు ఉండును. అయస్కాంతము కాయిలు ముందునుండి దాటిపోవునప్పుడు కాయిలులో విద్యుత్తు పుట్టి ప్లగ్గునకు పోవును. దీనిని మాగ్నెటో అందురు. జర్మనీలో రాబర్ట్ బాష్ 1887లో ఇంజనుల కొరకు మాగ్నెటో తయారు చేసెను. ఆయన కర్మాగారములోనే గాట్లోబ్ హోనోల్డ్ 1902లో ప్లగ్గుతో పనిచేయు అధిక వోల్టేజి మాగ్నెటోను రూపొందించెను. నేటి కలుపు యంత్రములోని ఏర్పాటు ఆ వంశములోనిదే.

పాత ఇంజనులలో రవ్వ పడు క్షణమును రెండు చిన్న లోహపు పాయింట్లు విడివడి నిర్ణయించును. నేటి ఇంజనులలో పాయింట్లు లేవు. ఆ పని కాయిలులోని ఎలక్ట్రానిక్ భాగము చేయును. కనుక నేటి ఇంజనులో రైతు త్రిప్పి సరిచేయదగిన మర లేదు. అయస్కాంతము కాయిలును ఏ క్షణమున దాటునో అదే వేళ. ఫ్లైవీలు షాఫ్టుపై ఉండవలసిన చోట ఉన్నంత కాలము వేళ తప్పదు. అది జరిగిననాడు వేళయు జరుగును.

కీ ఎందుకు తెగును?

ఫ్లైవీలు నడిమి రంధ్రము ఏటవాలుగా ఉండును. షాఫ్టు కొనయు అదే ఏటవాలుతో ఉండును. నట్టు బిగించినప్పుడు రెండును ఒరసికొని పట్టు కుదురును. ఫ్లైవీలును మోయునది ఈ పట్టే కాని కీ కాదు. కీ పని ఫ్లైవీలును సరియైన స్థానమున నిలుపుట మాత్రమే. నట్టు వదులైనను, ఏటవాలుపై నూనెయో త్రుప్పో చేరినను పట్టు పోవును. అప్పుడు బరువంతయు కీ మీద పడి అది తెగును.

కత్తులు రాతికో మొద్దుకో తగిలినప్పుడు షాఫ్టు హఠాత్తుగా ఆగును. బరువైన ఫ్లైవీలు మాత్రము తన ఊపున ముందుకు తిరుగజూచును. పట్టు చాలనియెడల కీని కొంత తెంపి ముందుకు జరుగును. అయస్కాంతము ముందుకు జరిగినది గనుక రవ్వయు ముందుగా పడును. దెబ్బ తిన్న తరువాత ఇంజను ఎదురు తన్నుటకు కారణము ఇదే.

కీ ఉన్న చోట షాఫ్టు మందము 20 మిల్లీమీటర్లయినచో దాని చుట్టు కొలత సుమారు 63 మిల్లీమీటర్లు. అచట ఒక మిల్లీమీటరు జరుగుట అనగా దాదాపు 6 డిగ్రీలు. కంటికి ఆననంత జరుగుడు ఇంజనుకు ఎంతటి దోషమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

గుర్తులు

రవ్వ ముందు పడుచున్న యెడల: తాడు వెనుకకు గుంజును, బరువు పడినప్పుడు లోపల సుత్తితో కొట్టినట్లు టకటక శబ్దము వచ్చును, ఇంజను త్వరగా వేడెక్కును. ఇట్లే నడిపిన పిస్టను తల కరగి చిల్లు పడవచ్చును.

రవ్వ వెనుక పడుచున్న యెడల: ఇంజను కష్టముగా అంటుకొనును, బలము చాలదు, సైలెన్సరులో ఠపఠప పేలుళ్లు వినవచ్చును, పొగగొట్టము మితిమీరి వేడెక్కును.

అయితే ఈ గుర్తులు కొన్ని చెడు పెట్రోలు వలనను కలుగును. పెట్రోలులో కిరోసిను కలిపి పోసిన యెడల వేళ సరిగా ఉన్నను ఇంజను టకటక కొట్టును. నేడు మన దేశములో అమ్ము పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు ఉండును. అది నీటిని పీల్చును. సముద్రపు తేమగాలిలో నెలల తరబడి నిలువయున్న పెట్రోలులో నీరు చేరి అడుగున వేరుపడవచ్చును. కావున మొదట పాత పెట్రోలు తీసివేసి తాజాది పోసి, ప్లగ్గు శుభ్రపరచి చూడవలెను. అప్పటికిని తాడు గుంజిన యెడల వేళను పరీక్షింపవలెను.

పరీక్షించు విధము

ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట స్విచ్చి ఆపి, పెట్రోలు కాకు మూసి, ప్లగ్గు టోపీ ఊడదీయుడు. ప్లగ్గు టోపీ తీయనిదే కత్తులను గాని ఫ్లైవీలును గాని చేతితో త్రిప్పరాదు. దగ్గరలో బీడీ, పొయ్యి ఉండరాదు. ఊడదీసిన మరలు పళ్లెములో వేసికొనుడు.

1. ప్లగ్గు విప్పి, తాడు చుట్టు భాగమును, ఫ్లైవీలుపై గాలి మూతను తీయుడు. ఇప్పుడు ఫ్లైవీలు, అయస్కాంతము, కాయిలు కనబడును.

2. ప్లగ్గు రంధ్రముపై బొటన వ్రేలు ఉంచి ఫ్లైవీలును ఇంజను తిరుగు దిక్కునకే మెల్లగా త్రిప్పుడు. గాలి వ్రేలిని బయటికి నెట్టినప్పుడు పిస్టను నొక్కుడు స్ట్రోకులో పైకి వచ్చుచున్నదని తెలియును. తాడు సులువుగా లాగుటకై కొన్ని ఇంజనులలో కొంత గాలి విడిచిపెట్టు ఏర్పాటు ఉండును. వాటిలో ఈ నెట్టుడు మందముగా ఉండును.

3. రంధ్రములో నుండి శీతలపానీయములకు వాడు ప్లాస్టిక్ గొట్టమును పిస్టనుకు తగులునట్లు నిలుపుడు. ఇనుప మేకు, స్క్రూడ్రైవరు పెట్టరాదు. అవి పిస్టనును గీరును. గొట్టము పైకి లేచుట ఆగినచోట ఫ్లైవీలుపై సుద్దతో ఒక గీత, తిరిగి దిగుట మొదలిడినచోట మరియొక గీత, రెండును ఇంజను ఒంటిపై గల ఒకే స్థిరమైన గుర్తుకు ఎదురుగా గీయుడు. ఆ రెండు గీతల నడిమిది పిస్టను పైకొన స్థానము.

4. ఆ నడిమి గీతను స్థిరమైన గుర్తుకు సరిగా తెచ్చి, అయస్కాంతపు అంచునుండి కాయిలు కాలి అంచు వరకు ఫ్లైవీలు చుట్టువెంబడి దారముతో కొలువుడు. ఇంజను మంచిగా నడచు దినములలోనే ఈ కొలత ఒకసారి తీసికొని మూత లోపలివైపు వ్రాసియుంచుట ఉత్తమము. అట్లు చేయనివారు ఇరుగుపొరుగున గల అదే కంపెనీ, అదే రకము ఇంజను కొలతతో పోల్చుకొనవచ్చును.

5. తేడాను డిగ్రీలలోనికి మార్చుట సులభము. ఫ్లైవీలు చుట్టు దారము చుట్టి ఆ పొడవును 360తో భాగించిన ఒక డిగ్రీకి ఎంతయో వచ్చును. 200 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల ఫ్లైవీలుకు చుట్టు కొలత 628 మిల్లీమీటర్లు. ఒక డిగ్రీకి సుమారు 1¾ మిల్లీమీటర్లు. కొలతలో 9 మిల్లీమీటర్ల తేడా ఉన్న యెడల వేళ సుమారు 5 డిగ్రీలు తప్పినదన్నమాట.

6. నట్టు విప్పి షాఫ్టు కొనవైపునుండి చూడుడు. షాఫ్టు గాడియు, ఫ్లైవీలు గాడియు ఒకే వరుసలో ఉండవలెను. నడుమ మెట్టువలె కనబడిన కీ తెగినట్లే. చూపునకు సరిగా ఉన్నను కొలత తప్పిన యెడల, లేక పోల్చుటకు కొలతయే దొరకని యెడల, ఫ్లైవీలు ఊడదీసి కీని చేతిలోనికి తీసికొని పరీక్షించుటయే నిశ్చయము.

ఫ్లైవీలును పుల్లరుతోనే తీయవలెను. సుత్తితో షాఫ్టు కొనను కొట్టిన మరలు చెడును, బేరింగులు దెబ్బతినును. నట్టు విప్పునప్పుడు ఫ్లైవీలు రెక్కల నడుమ స్క్రూడ్రైవరు దూర్చరాదు. రెక్క విరిగిన సమతూకము తప్పి ఇంజను వణకును. పుల్లరు లేనివారు ఈ పని వరకు షెడ్డుకు తీసికొనిపోవుట మేలు. షెడ్డులో టైమింగు లైటు ఉన్న యెడల నడచుచున్న ఇంజనులోనే వేళను చూడవచ్చును. గాలి మూత లేకుండ ఇంజను చల్లబడదు గనుక ఆ పరీక్షను క్షణములలో ముగింపవలెను. పైపంచె, తువ్వాలు దరిదాపుల ఉండరాదు.

తిరిగి బిగించునప్పుడు

షాఫ్టు ఏటవాలును, ఫ్లైవీలు రంధ్రమును పొడిగుడ్డతో తుడువవలెను. నూనె, గ్రీజు పూయరాదు. గాడుల అంచులు చితికియున్నవేమో చూడవలెను. కంపెనీ చెప్పిన కీనే వేసి, నట్టును పుస్తకములో చెప్పిన బిగువునకు టార్కు రెంచితో బిగింపవలెను. కాయిలును కదిపిన యెడల దానికి, అయస్కాంతమునకు నడుమ ఖాళీని ఫీలరు గేజితో సరిచేయవలెను. పెక్కు చిన్న ఇంజనులలో ఇది 0.3 మొదలు 0.4 మిల్లీమీటరు వరకు ఉండును. ఈ ఖాళీ ఎక్కువైన రవ్వ బలహీనమగును.

పాయింట్లు గల పాత ఇంజనులు

పాత నీటి పంపులలోను, తుంపర యంత్రములలోను పాయింట్లు గల ఇంజనులు ఇంకను అక్కడక్కడ నడుచుచున్నవి. వీటిలో మొదట పాయింట్లు పూర్తిగా తెరచుకొన్నప్పుడు వాటి నడుమ ఎడమును పుస్తకము ప్రకారము సరిచేయవలెను. ఎడము పెరిగిన రవ్వ ముందు పడును. తగ్గిన వెనుక పడును. పిమ్మట పాయింట్ల నడుమ పలుచని సిగరెట్టు కాగితము ఉంచి మెల్లగా లాగుచు ఫ్లైవీలును తిరుగు దిక్కునకు త్రిప్పవలెను. కాగితము జారి వచ్చిన క్షణమే రవ్వ పడు క్షణము. అప్పుడు ఫ్లైవీలు గుర్తు ఇంజను గుర్తుకు ఎదురుగా ఉన్న యెడల వేళ సరిగా ఉన్నదని తెలిసికొనవలెను.

డీజిలు పవర్ టిల్లర్లకు ఈ వ్యాసములోని పరీక్ష వర్తింపదు. వాటిలో ప్లగ్గు, రవ్వ లేవు; అచట చూడవలసినది డీజిలు చిమ్ము వేళ. అది అనుభవజ్ఞుని పని.

విశాఖ తీరపు రైతులకు ప్రత్యేక హెచ్చరిక

భీమునిపట్నము మొదలు గాజువాక, పరవాడ, అచ్యుతాపురము వరకు సముద్రమునకు చేరువనున్న గ్రామములలో ఉప్పుగాలి వలన అయస్కాంతములపైనను, కాయిలు కాళ్లపైనను త్రుప్పు త్వరగా పట్టును. త్రుప్పు పొర ఖాళీని చెరచును. ఏటవాలులోనికి చేరిన పట్టు చెడును. యంత్రమును ఆరుబయట టార్పాలిను క్రింద విడువక గాలి తగులు పొడిచోట నిలుపవలెను. వాడుక ముగిసిన పిమ్మట పెట్రోలు తీసివేయవలెను. సీజను మొదట ఒకసారి గాలి మూత తీసి చూచి, కాయిలు కాళ్లను మెత్తని ఎమరీ కాగితముతో తేలికగా తుడువవలెను.

రెండవ హెచ్చరిక కీని గురించి. విశాఖ ఉక్కు నగరము. గాజువాక ఆటోనగరులో లేతు పట్టినవాడు అరగంటలో గట్టి ఉక్కు ముక్కను కీగా కోసి ఇయ్యగలడు. ‘ఇది జన్మలో తెగదు’ అని చెప్పిన సంతోషింపవద్దు. కొన్ని కంపెనీలు మెత్తని లోహపు కీని, కొన్ని అర్ధచంద్రాకారపు ఉక్కు కీని వాడును. ఏది వాడినను అది షాఫ్టు, ఫ్లైవీలుల కంటె ముందు లొంగునట్లు చూచి వేసినది. తెగని కీ వేసిన యెడల తదుపరి దెబ్బకు షాఫ్టు గాడియే చీలును. అప్పుడు ఇంజను విప్పి షాఫ్టు మార్పవలెను. మేకు ముక్క దూర్చుట అంతకంటె చెడ్డ పని; అది గాడిలో ఆడుచు వేళను దినమునకొక విధముగా మార్చును.

కనుక కలుపు పని మొదలిడకమునుపే మీ ఇంజను రకమునకు సరిపోవు కీలు రెండు కొని పనిముట్ల పెట్టెలో ఉంచుకొనుడు. కొలతను మూత లోపల వ్రాసికొనుడు. మొద్దుకు తగిలి ఆగిన ఇంజను ఎదురు తన్నిన యెడల మరియొకమారు తాడు లాగి చేయి పాడుచేసికొనక, మొదట కీని చూడుడు. ఒక పూటలో తేలు పనికి తొమ్మిది దినముల అదను పోగొట్టుకొనవలసిన అవసరము ఏ రైతునకును లేదు.